అల్లుడుగారి పులి

బాబీ, నువ్వు అస్సాం అడవిలో జీపెక్కి తీయించుకున్న ఫొటో అందింది. నీ వెనకాల గడ్డిలో పసుపుపచ్చగా ఏదో ఉంది. అది పులని నువ్వంటున్నావు, కాదు ఎండుగడ్డి మోపని పూనా నుంచి మీ అక్క అంటోంది. మీ ఇద్దరి మధ్యా నేను తీర్పు చెప్పను. పులి విషయంలో తీర్పు చెప్పడం ఎంత కష్టమో నాకు ఈ మధ్యనే తెలిసింది. ఫొటో కింద నువ్వు రాసిన ప్రశ్న మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. "అమ్మమ్మా, మీ తాతయ్య పులిని కొట్టిన అడవి ఎక్కడ? సెలవులకి వస్తే చూపిస్తావా?" అని. చూపిస్తాను నాన్నా. నేను చూసే వచ్చాను. మా తమ్ముడు, అదే మీ సూర్యం తాతయ్య, నన్ను కారులో కూర్చోబెట్టుకుని మరీ తిప్పాడు. కాకపోతే అక్కడ జీపుతో పని లేదు. ఎందుకు లేదో చెప్తాను, నిదానంగా వినండి. నాకు తొందరగా చెప్పడం చేతకాదని మీకు తెలుసు కదా.

మా ఊరు గుండుగొలను దగ్గర, కాలవ గట్టు మీద. మా నాన్నగారికి ఏలూరు కోర్టులో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. అమ్మకి వంటింట్లోనే తెల్లారేది, అక్కడే పొద్దుగూకేది. అందుకని నన్నూ సూర్యాన్నీ పెంచింది తాతయ్యా, నాయనమ్మా. పొద్దున్నే కళ్ళు తెరవకముందే వాకిట్లోంచి పేడనీళ్ళ వాసన వచ్చేది, గాదెలోంచి కొత్త ధాన్యం వాసన వచ్చేది, వీటన్నిటి మీదుగా తాతయ్య చుట్ట వాసన వచ్చేది. చుట్ట ఆరిపోయినా వాసన ఆరేది కాదు. ఆయన కండువా ఉతికి ఆరేస్తే, ఎండినాక దాన్ని వాసన చూసి ఇది తాతయ్యదని చెప్పేవాళ్ళం. మనిషి పొడుగ్గా, సన్నగా గొడుగు కర్రలా ఉండేవారు. కోపం రాదు, గొంతు పెరగదు. పాలేరుని అండీ అనేవారు, చాకలిని అండీ అనేవారు, ఆఖరికి పాలిచ్చే గేదె దారికి అడ్డంగా పడుకుంటే, "కాస్త పక్కకి జరుగుతారా" అని దాన్ని కూడా బతిమాలేవారు. అది జరిగేది కాదనుకోండి. ఆయనే చుట్టూ తిరిగి వెళ్ళేవారు. మీకిది వింతగా ఉంటుంది గానీ, మా వైపు మర్యాదంటే అలాగే ఉండేది. ఎదుటివాడు తప్పు చెప్తున్నాడని తెలిసినా, వాడి మొహం చిన్నబోకుండా చూడటమే పెద్దరికం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నేను చెప్పే కథంతా దీనిమీదే నడిచింది.

అలాంటి మెత్తటి మనిషి పులిని కొట్టారు. అదే మా ఇంటి ఆస్తి. మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా మంచినీళ్ళు, మజ్జిగ, పులి, ఈ మూడూ తప్పేవి కాదు. ఎడ్ల బేరానికి వచ్చినవాళ్ళు, పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు, దారి తప్పి ఊళ్ళోకి వచ్చినవాళ్ళు, అందరూ సాయంత్రం అరుగు మీద కూర్చుని విన్నారు. పక్కన తమలపాకుల పళ్ళెం పట్టుకుని కూర్చోవడం నా పని. తాతయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టేవారు. "తెల్లవారుజామండీ. కొండల నడుమ మంచు దిగింది. వాగులో దోనె వేశాం. రెండు పక్కలా నిలువెత్తు కిక్కిస. గడ వేస్తే బుడుంగుమన్న చప్పుడు తప్పిస్తే ఇంకో చప్పుడు లేదు. ఇంతలో ముక్కుకి పచ్చిచేపల వాసన కొట్టింది. అదేనండీ పులి వాసన." సరిగ్గా అక్కడ ఆగి, "అమ్మాయ్, ఆకు" అనేవారు. నేను సున్నం రాసి ఇచ్చేదాన్ని. ఆయన నెమ్మదిగా నములుతుంటే వచ్చినవాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉండేవారు. అదే సమయానికి గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ, "పాలు పొంగుతున్నట్టున్నాయి" అని లేచి లోపలికి వెళ్ళిపోయేది. పొయ్యి ఆరిపోయి ఉన్నా సరే, పులి వచ్చే వేళకి మా ఇంట్లో పాలు పొంగేవి. "కిక్కిసలోంచి రెండు కళ్ళు, దీపాల్లా. తుపాకి ఎత్తాను. ఒకటే పేలుడు. అడవి అడవంతా రెక్కలొచ్చినట్టు పైకి లేచిందండీ. ఆకాశం కనపడలేదు." అంతే కథ. ఎవరైనా చనువున్నవాళ్ళు చర్మమేదండీ అని అడిగితే, "దొర చూసి ముచ్చటపడ్డాడు, ఇచ్చేశాను" అనేవారు. ఆ రోజుల్లో ఇంట్లో లేని వస్తువులన్నీ దొరలే ముచ్చటపడి పట్టుకెళ్ళినవి. మా ఎదురింటివాళ్ళ బంగారు గడియారం కూడా అలాగే పోయిందట.

మీకు నవ్వుగా ఉందేమో గానీ, మా సూర్యానికి ఆ పులి లేకపోతే చిన్నతనమే లేదు. వాడంత పిరికివాణ్ణి నేను చూడలేదు. బల్లికి భయం, బాతుకి భయం, బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ముందురోజే జ్వరం. పెరట్లో బావి దగ్గరికి వెళ్ళాలన్నా నా ఓణీ కొంగు పట్టుకునే వచ్చేవాడు. వాడు ఏడ్చినప్పుడల్లా తాతయ్య దగ్గరికి తీసుకుని, "పులిని కొట్టినవాడి మనవడివి, నీకు భయమేంట్రా బాబూ" అనేవారు. ఆ మాట వినగానే కళ్ళు తుడుచుకునేవాడు. తర్వాత బడిపంతులయ్యాడు, పెళ్ళయింది, రిటైరయ్యాడు. పెద్దవాడయ్యాక కూడా నలుగురిలో నోరు విప్పాల్సివస్తే చెమటలు పట్టి కూర్చుండిపోయేవాడు గానీ, మనసులో ఆ పులి ఒకటి ఉంది కాబట్టి తల దించుకుని తిరగలేదు. ఇది వాడు ఎప్పుడూ నాతో అనలేదు. నాకు తెలుసు.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. మా ఊరికి ఈమధ్య విగ్రహాల జబ్బు పట్టుకుంది. మొదట మెయిన్ రోడ్డు మీద నాయకులవి పెట్టారు. తర్వాత మా ఎదురింటి వీర్రాజుగారు వాళ్ళ తాతగారిది పెట్టారు, చేతిలో గొడుగుతో. ఆయన చేసిన ఘనకార్యమేమిటో ఎవరికీ గుర్తులేదు గానీ గొడుగు మాత్రం బాగా వచ్చింది. అది చూసినప్పట్నించీ మా సూర్యానికి నిద్ర లేదు. గొడుగు పట్టుకున్నాయనకే విగ్రహముంటే పులిని కొట్టినాయనకి ఉండొద్దా అని. తాడేపల్లిగూడెంలో ఫైబర్ విగ్రహాలు చేసే ఆయన దగ్గరికి నన్నూ, మా మరదలు వరలక్ష్మినీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. షెడ్డు నిండా తలల్లేని నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. తలలు ఇంకో మూల ఎండుతున్నాయి. ఆయన మమ్మల్ని చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "పులి మీద పెట్టేది కుడికాలా, ఎడమకాలా అండీ?" అని అడిగాడు. సూర్యం నా మొహం చూశాడు. కుడికాలే అన్నాను. "నోరు తెరిపించమంటారా, మూయించమంటారా? తెరిస్తే పిల్లకాయలు చాక్లెట్ కాగితాలు పడేస్తారండీ" అన్నాడు. మూయించమన్నాం. పులి తయారయ్యాక చూస్తే, అమ్మవారి కింద వాహనంగా పెట్టే పులి అచ్చులోంచే తీశాడు. చిరునవ్వు నవ్వుతోంది. మెడలో హారం గీకేసినా ఆనవాలు తెలుస్తోంది. తాతయ్య కాలు దాని వీపు మీద ఉంది, చూస్తే చంపినట్టు లేదు, ఎక్కి ఊరేగబోతున్నట్టుంది. "బాగుందండీ" అన్నాం ముగ్గురమూ. ఇంకేమంటాం?

మిగిలిందల్లా కింద పాలరాయి మీద చెక్కించే వాక్యం. ఫలానా చోట పులిని కొట్టిన ఫలానావారు అని ఉండాలి. ఆ ఫలానా చోటు ఎక్కడో ఎవరికీ తెలీదు. ఆకులు అందించినదాన్ని కాబట్టి నాకు తెలిసుంటుందని సూర్యం వచ్చి కూర్చున్నాడు. "కొండలు అనేవారురా, ఇంకేం చెప్పలేదు" అన్నాను. "ఆనవాళ్ళు చెప్పేవారు కదక్కయ్యా. కొండలు, వాగు, దోనె, కిక్కిస. వెతుకుదాం పద" అన్నాడు. అలా బయల్దేరాం, ఏలూరులో నా ఫ్లాటు దగ్గర పొద్దున్నే నన్ను ఎక్కించుకుని, జంగారెడ్డిగూడెం మీదుగా బుట్టాయగూడెం దాటి కొండల వైపు. వరలక్ష్మి జంతికల డబ్బా తెచ్చింది. నేను అడవి ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పామాయిల్ తోటలు వచ్చాయి, జీడిమామిడి తోటలు వచ్చాయి, మళ్ళీ పామాయిల్ తోటలు వచ్చాయి. ఒకచోట పెద్ద పులి బొమ్మ కనపడితే సూర్యం కారు ఆపించాడు. అదొక రిసార్టు. లోపల ఉయ్యాలలు, ఐస్‌క్రీము, పులితో ఫొటో దిగడానికి ఒక మెట్టు కూడా కట్టారు. ఆ పులి కూడా చిరునవ్వే నవ్వుతోంది. మన తాడేపల్లిగూడెం ఆయనకి చుట్టుపక్కల మంచి గిరాకీ ఉన్నట్టుంది.

ఇంకా పైకి వెళ్తే నిజంగానే కొండలు, నిజంగానే చెట్లు, ఒక వాగు. సూర్యం కారు దిగి ఆ వాగు ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు. నీళ్ళు పాదం మునిగేన్ని ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు తళతళలాడుతున్నాయి. పక్కనే చిన్న టీ కొట్టు. అందులో ఉన్నావిణ్ణి సూర్యం అడిగాడు, "ఏమండీ, పూర్వం ఈ వాగు దాటడానికి దోనెలుండేవాండీ?"

"దోనంటే ఏంటండీ?"

"తాటిమొద్దుని నిలువునా చీల్చి, లోపలంతా తొలిచి, దాంట్లో నిలబడి గడ వేస్తారు చూడండి."

ఆవిడ టీ వడగడుతూ ఆలోచించింది. "తాటిచెట్టు కల్లుకి ఉంచుకుంటాం గానీ తొలుచుకుంటామా అండీ. అయినా ఈ వాగుకి పడవెందుకు, చెప్పులు చేత్తో పట్టుకుంటే సరిపోద్ది కదా."

"వానాకాలంలో?"

"వానాకాలంలో వచ్చేది రాళ్ళు దొర్లించుకుంటా వస్తదండీ. పడవేస్తే ముక్కలైపోద్ది."

సూర్యం వదల్లేదు. "పోనీ కిక్కిస ఉండేదాండీ?"

"అదెవరండీ?" అందావిడ.

టీ తాగి, బాగుందని చెప్పి, వెనక్కి తిరిగాం. కిక్కిసంటే మీకు తెలీదు కదూ, కొల్లేట్లో నీళ్ళలోంచి మనిషెత్తు లేచే గడ్డి, రెల్లు లాగా. ఆ గడ్డి కొండల మీద రాళ్ళవాగులో ఎందుకుంటుంది? తాటిదోనె కొండెక్కి ఎలా వస్తుంది? చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాం, అరుగు మీద కూర్చున్న పెద్దలందరూ విన్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? కొల్లేటి పక్కన పుట్టినవాళ్ళకి నీళ్ళంటే దోనె ఉంటుంది, దోనె ఉంటే కిక్కిస ఉంటుంది. చెప్పినాయన కొల్లేటి పక్కాయనే, విన్నవాళ్ళూ కొల్లేటి పక్కవాళ్ళే. భీమడోలు దగ్గరికి వచ్చాక వరలక్ష్మి జంతికల డబ్బా మూత పెట్టి, "ఏవండీ, పులి దగ్గర పచ్చిచేపల వాసన ఎందుకొస్తుందండీ?" అని అడిగింది.

"పులులన్నీ అంతే" అన్నాడు సూర్యం, అచ్చం తాతయ్యలాగా.

"ఆ వాసన కైకలూరు దగ్గర మా పుట్టింట్లో వస్తుందండీ" అంది, చాలా మెత్తగా. ముగ్గురికీ తెలిసిపోయింది, ముగ్గురమూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. అలాంటి మాట ఒకళ్ళ మొహాన అనడం మావల్ల అయ్యే పని కాదు.

రెండ్రోజులాగి సూర్యం ఫోను చేశాడు. "అక్కయ్యా, నాయనమ్మ పుట్టిల్లు చూసి చాలాకాలమైంది, వెళ్ళొద్దామా?" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. నాయనమ్మ కొల్లేటి మధ్య లంకలో పుట్టింది. మా చిన్నప్పుడు వేసవి సెలవులకి ఆ లంకకి దోనెలోనే వెళ్ళేవాళ్ళం. నీళ్ళు అడుగంటినా దోనె జారిపోయేది. పక్కనే తామరాకుల మీద పిట్టలు నడిచేవి. నీళ్ళన్నీ ఒకటే, గట్లు లేవు, ఎవరిదెక్కడిదాకో అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు కారు నేరుగా ఇంటి గుమ్మం దాకా వెళ్ళింది. రెండు పక్కలా చేపల చెరువులు, గళ్ళ లుంగీ పరిచినట్టు, గట్టు మీద గట్టు. మేత బస్తాలు, మోటార్లు, నీళ్ళు చిలికే మిషన్లు. కొల్లేరు ఎక్కడుందని డ్రైవరుని అడిగితే, "ఇదేనండీ" అన్నాడు. కాదనడమెందుకని ఊరుకున్నాను.

ఆ ఇంట్లో రత్తమ్మ పిన్ని ఉంది, నాయనమ్మ తమ్ముడి కూతురు. ఎనభై దాటినా పళ్ళు గట్టివి, చెవులు పనిచేస్తాయి. కొర్రమీను పులుసు పెట్టి, మేం చేతులు కడుక్కునేదాకా ఏమీ అడగలేదు. అప్పుడు సూర్యం గొంతు సవరించుకుని విగ్రహం సంగతి చెప్పి, పులి సంగతి కదిపాడు. పిన్ని మొహం వెలిగిపోయింది.

"మావయ్య పులా? అది ఇక్కడిదే కదయ్యా. దోనె తోలింది మా నాన్నే."

సూర్యం చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. పిన్ని చెప్పుకుపోయింది. పెళ్ళైన కొత్తల్లో మావయ్య, అంటే మా తాతయ్య, మొదటిసారి అత్తారింటికి వచ్చారట. అల్లుడుగారికి పిట్టల వేట చూపిద్దామని మావగారు తెల్లవారుజామున దోనె కట్టించి, పిట్టల్ని కొట్టే పాత తుపాకి ఒకటి చేతికిచ్చారట. కిక్కిసలోకి వెళ్ళేసరికి ఒక దుబ్బు మీద బావురుపిల్లి కూర్చుని ఉంది. నీళ్ళలో చేపలు పట్టుకు తినే అడవిపిల్లి అది, కుక్కంత ఉంటుంది, ఒళ్ళంతా మచ్చలు. "జాలరి బుట్టలోంచి కొర్రమీను లాక్కుని తింటా ఉందంట. మావయ్య 'పులి' అని ఒక్క కేక పెట్టి తుపాకి పేల్చేశారంట. గుండు ఆకాశంలోకి పోయింది, మావయ్య నీళ్ళలోకి పోయారు. కొల్లేట్లో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారే లేచినాయంట, ఆకాశం కనపడలేదని మా నాన్న చెప్పేవాడు. పిల్లి మాత్రం కదల్లేదంట. చేప తినేసి, మూతి నాక్కుని, అప్పుడెళ్ళింది."

వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్యం నవ్వలేదు. "మరి ఎవరూ ఏమీ అనలేదా పిన్నీ?"

"ఎట్టా అంటారయ్యా? కొత్తల్లుడు. మా నాన్న చిన్నవాడు కదా, పిల్లి అని నవ్వబోతే మా తాత చెవి మెలిపెట్టి, 'అల్లుడుగారు పులన్నారు, నోరు మూసుకో' అన్నాడంట. తడిబట్టల్తో ఒడ్డు దిగేసరికి లంకంతా వచ్చి నిలబడింది. ఒకళ్ళు పులి ఎటు పోయిందండీ అని, ఒకళ్ళు ఎంత పెద్దదండీ అని. మీ నాయనమ్మ పొడిపంచె పట్టుకుని నిలబడుంది. ఆవిడ కూడా నోరెత్తలేదు."

"అయితే అది పులి కాదన్నమాట" అన్నాడు సూర్యం, గ్లాసు కింద పెట్టి.

పిన్ని వాడి వైపు జాలిగా చూసింది. "అల్లుడుగారు పులన్నారు కదయ్యా. కొత్తల్లుడు పులంటే పులి కాకేమవుద్ది?"

ఆ తర్వాత ఏం జరిగిందో నేను ఊహించుకోగలను. పులి మా ఊరు వచ్చాక ఎవరో ఒకరు, కొల్లేట్లో పులేంటండీ, నీళ్ళు కదా అని ఉంటారు. తాతయ్య దాన్ని కొండలెక్కించి ఉంటారు. పులిని పట్టుకెళ్ళారు గానీ, తాను దోనె దిగడం మర్చిపోయారు. నాయనమ్మ నాకు ఎదురుగా కనపడింది, బతికినన్నాళ్ళూ పొంగని పాలు చూడటానికి లేచి వెళ్తూ. నవ్వడానికి వెళ్ళేదో, నవ్వు ఆపుకోవడానికి వెళ్ళేదో.

బయల్దేరేముందు పిన్నిని అడిగాను, ఇప్పుడు బావురుపిల్లులు వస్తాయా అని. "ఎక్కడమ్మా. కిక్కిస తీసేశారు, చెరువు చుట్టూ వలలు. కొంగలు రాకుండా మా పెద్దాడు చెరువు గట్టున మైకు పెట్టాడు, పులి అరుస్తదందులో" అంది. అప్పుడే మోగింది కూడా. కొల్లేటి మీద, గళ్ళగళ్ళ చెరువుల మీద, పులి గాండ్రింపు. ఒక కొంగ మైకు పెట్టిన స్తంభం మీదే కూర్చుని ఉంది. తాతయ్య రోజుల్లో కొల్లేట్లో పులి లేదు, ఉన్న జంతువుని చూసి పులని భయపడ్డారు. ఇప్పుడు ఆ జంతువు లేదు, పులుంది. ఏది నయమో మీరే చెప్పాలి.

దారిలో వరలక్ష్మి అంది, "కొండలనే రాయించేయండి. ఎవరు చూడొచ్చారు?" సూర్యం నా వైపు తిరిగి అన్నాడు. "చిన్నప్పట్నించీ భయమేసినప్పుడల్లా ఆ పులే అక్కయ్యా నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నిజం చెప్తే ఊళ్ళో పిల్లి మనవడంటారు. వీర్రాజుగారు గొడుగు తిప్పుకుంటూ నవ్వుతారు. తెలిసి తెలిసి అబద్ధం చెక్కిస్తే, రోజూ ఆ రాయి ముందునుంచే పాలకి వెళ్ళాలి నేను. ఏం చెయ్యమంటావు?" విగ్రహం వచ్చేసింది, గుడ్డ కప్పేశారు, పెద్దమనుషులకి కబుర్లు వెళ్ళిపోయాయి. "నీ ఇష్టంరా తమ్ముడూ" అన్నాను. ఆ మాట అనడం సులువు. డెబ్భైయేళ్ళు దాటినవాడికి అప్పటిదాకా ఎవరూ నీ ఇష్టం అనలేదు, వాడికి ఇష్టాలు అలవాటు లేవు.

పాలరాయి మీద ఏం రాయించాడో ఆవిష్కరణ రోజుదాకా నాకూ చెప్పలేదు. షామియానా వేశారు, మైకు ఈల వేస్తోంది, పెద్దాయనొకరు ముఖ్య అతిథిగా వచ్చారు. పేరెందుకులెండి. కొల్లేరుని కాపాడుకోవాలని, పిట్టలు మన అతిథులని ఆయన చాలాసేపు మాట్లాడారు. ఆయన చెరువులు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అందరమూ చప్పట్లు కొట్టాం. గుడ్డ లాగారు. చిరునవ్వు పులి, దానిమీద తాతయ్య కుడికాలు, కింద పాలరాయి మీద తాతయ్య పేరు, దాని కింద 'వేట స్థలం: కొల్లేరు'. జనంలో కాస్త గుసగుస లేచింది. అప్పుడు సూర్యాన్ని మాట్లాడమన్నారు.

వాడు లేచాడు. ఎప్పుడూ మైకు పట్టుకోనివాడు. రెండు చేతులా పట్టుకుని మొదలుపెట్టాడు. "అందరికీ నమస్కారమండీ. మా తాతయ్య పులిని కొట్టలేదండీ. అది బావురుపిల్లండీ. అది కూడా తగల్లేదండీ. ఆయనే నీళ్ళలో పడ్డారండీ. ఇన్నాళ్ళూ మాకూ తెలీదండీ, ఇప్పుడు తెలిసింది కాబట్టి చెప్తున్నానండీ. భోంచేసి వెళ్ళండి." అంతే. మైకు స్టాండులో పెట్టేశాడు.

వరలక్ష్మి తల వంచుకుంది. నేను వీర్రాజుగారి వైపే చూస్తున్నాను. ఆయన నెమ్మదిగా లేచారు, కండువా సర్దుకున్నారు, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. "ఎంత వినయమండీ" అన్నారు అందరికీ వినపడేలా. "అంత వేటగాడి మనవడు అయ్యుండి ఒక్క గొప్ప చెప్పుకోలేదు చూడండి. పెద్దింటి లక్షణం." ముఖ్య అతిథి కళ్ళు తుడుచుకుని తన మెళ్ళో దండ తీసి సూర్యం మెళ్ళో వేశారు. జనమంతా లేచి కొట్టారు చప్పట్లు. నేను కొట్టలేదు. వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. దండతోనే దిగొచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డాడు, చొక్కా తడిసిపోయింది.

"అక్కయ్యా, నేను సరిగ్గానే చెప్పానా?"

"సరిగ్గానే చెప్పావురా."

"మైకు పనిచేసిందా?"

"వెనక వరసదాకా వినపడింది."

బయట పిల్లలు అప్పుడే పులి మెడ పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. భోజనాలకి విస్తళ్ళు పరిచారు. వాడు లేచి, దండ తీసి కుర్చీకి తగిలించి, పప్పు బకెట్టు తీసుకున్నాడు. నేను కూర్చున్న చోటికి వాడి గొంతు వినపడుతూనే ఉంది. మొదటి విస్తరి ఆయన, "మీ తాతగారు పులిని..." అనబోయారు. "పిల్లండీ" అన్నాడు సూర్యం పప్పు వేస్తూ. "అలాగేలెండి" అన్నారాయన నవ్వుతూ. రెండో విస్తరి దగ్గర, "పిల్లండీ. నెయ్యి వస్తోంది, కలపకండి." మూడో విస్తరి వీర్రాజుగారిది. "మీరు ఎన్నయినా చెప్పండి పంతులుగారూ, పులి పులే" అన్నారాయన. "కాదండీ వీర్రాజుగారూ, పిల్లి" అన్నాడు మా సూర్యం, ఆయన కళ్ళలోకి చూసి. జన్మలో మొదటిసారి ఒక మనిషిని మొహాన కాదన్నాడు. వీర్రాజుగారి చేతిలో ముద్ద ఒక్క క్షణం ఆగింది. సూర్యం ఆయనకి ఇంకో గరిటెడు పప్పు వేసి, పక్క విస్తరికి వెళ్ళాడు. చివరి పంక్తిలో చివరి విస్తరి దాకా ఒక్కళ్ళని కూడా వదల్లేదు.